కిడ్నీ మార్పిడి తర్వాత బీకే వైరస్: మందులు తగ్గిస్తే రిజెక్షన్ రాదా?

ప్రశ్న (తమ్ముడి తరఫున అడుగుతున్న అక్క, శ్రీకాకుళం జిల్లా)

అందరికీ నమస్కారం. మాది ఉద్దానం ప్రాంతం. ఇక్కడ కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో నేను కొత్తగా చెప్పనవసరం లేదు. మా తమ్ముడు కొంతకాలం డయాలసిస్ మీద ఉన్న తర్వాత, మా అమ్మ ఇచ్చిన కిడ్నీతో అతనికి మార్పిడి జరిగింది. కిడ్నీ పనితీరును చూపే క్రియాటినిన్ ఏడో నెల వరకు 1.2 దగ్గర నిలకడగా ఉంది. ఇటీవలి పరీక్షలో అది 1.6కు పెరగడంతో డాక్టరు గారు రక్తంలో బీకే వైరస్ పరీక్ష చేయించారు. మిల్లీలీటరుకు 18,000 కాపీలు ఉన్నట్లు ఫలితం వచ్చింది. తమ్ముడికి జ్వరం లేదు, నొప్పి లేదు, మూత్రం మామూలుగానే వస్తోంది. చూసినవారెవరూ అతనికి ఒంట్లో బాగాలేదని అనుకోరు.

డాక్టరు గారు రోగనిరోధక శక్తిని అణచే మందుల్లో ఒకటైన మైకోఫినోలేట్ మోతాదును సగానికి తగ్గించారు. అలాంటిదే అయిన టాక్రోలిమస్ కూడా కొంచెం తగ్గించవలసి రావచ్చని, అవసరమైతే బయాప్సీ (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేస్తామని చెప్పారు. మార్పిడి జరిగిన రోజు నుంచి ఈ మందులు ఒక్క పూట కూడా మానకూడదని, మానితే శరీరం కిడ్నీని తిప్పికొడుతుందని (రిజెక్షన్) మాకు పదే పదే చెప్పిన ఆసుపత్రి వారే ఇప్పుడు తగ్గిస్తుంటే భయంగా ఉంది. వైరస్‌ను చంపే మందు ఒకటి ఇచ్చి, పాత మందులను అలాగే ఉంచకూడదా? పైగా అమ్మ రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. తన కిడ్నీతో పాటే ఆ వైరస్ కూడా కొడుకుకు వెళ్లిందేమోనని కుమిలిపోతోంది. ఈ విషయంలో అనుభవం ఉన్నవారు, వైద్యులు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం 1 (మార్పిడి చేయించుకున్న వ్యక్తి, విజయవాడ)

అమ్మా, మీ తమ్ముడి పరిస్థితిలో నేనూ ఉన్నాను కాబట్టి రాస్తున్నాను. నాకు మా నాన్నగారు కిడ్నీ ఇచ్చారు. మొదటి సంవత్సరం ముగియకముందే బీకే వైరస్ బయటపడింది. నాకూ ఏ లక్షణమూ లేదు. మందులు తగ్గించినప్పుడు మీకు కలిగిన భయమే మా ఇంట్లో అందరికీ కలిగింది. వైరస్ వెంటనే తగ్గకపోవడం ఆ భయాన్ని మరింత పెంచింది. మొదటి రెండు పరీక్షల్లో సంఖ్య దాదాపు అలాగే ఉంది, ఒకసారి కొంచెం పెరిగింది కూడా. ఆ తర్వాతే నెమ్మదిగా దిగడం మొదలై, చాలా నెలలకు రక్తంలో కనిపించకుండా పోయింది. నా క్రియాటినిన్ పాత స్థాయికి పూర్తిగా తిరిగి రాలేదు. కొంచెం ఎక్కువ దగ్గర స్థిరపడింది, ఏళ్లు గడిచినా అక్కడే ఉంది. నేను ఉద్యోగం చేసుకుంటున్నాను.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. ఈ పరీక్షను ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి. ఒక ల్యాబు ఇచ్చిన అంకెను మరో ల్యాబు ఇచ్చిన అంకెతో పోల్చి చూసుకుని సంతోషపడడమూ, దిగులుపడడమూ రెండూ వ్యర్థమే. ఇక మందులను ఎంత తగ్గించాలి, ఎప్పుడు మళ్లీ పెంచాలి అనేది పూర్తిగా డాక్టరు గారికి వదిలేయండి. నాకు చెప్పిన మోతాదు మీ తమ్ముడికి సరిపోదు, కనుక ఇక్కడ రాయడం లేదు.

సమాధానం 2 (నెఫ్రాలజిస్టు, విశాఖపట్నం)

మీరు అడిగిన రెండు ప్రశ్నలకూ సూటిగా సమాధానం ఇవ్వడానికి ప్రయత్నిస్తాను. మీ తమ్ముడిని నేను పరీక్షించలేదు కాబట్టి, నేను చెప్పేది మీ డాక్టరు గారి నిర్ణయాన్ని అర్థం చేసుకోవడానికే తప్ప మార్చుకోవడానికి కాదు.

బీకే వైరస్‌ను మొదటిసారి 1971లో లండన్‌లో, కిడ్నీ మార్పిడి చేయించుకున్న ఒక సూడాన్ దేశస్థుడి మూత్రంలో గుర్తించారు. ఆయన పేరులోని పొడి అక్షరాలే వైరస్‌కు పేరయ్యాయి. మన దేశంలో వెల్లూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడి జరిగిందీ అదే సంవత్సరం. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు పైగా ఈ వైరస్‌ను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1990ల మధ్య నుంచి టాక్రోలిమస్, మైకోఫినోలేట్ వంటి శక్తిమంతమైన మందులు వాడుకలోకి వచ్చి రిజెక్షన్ బాగా తగ్గింది. అయితే అదే సమయంలో, అంతవరకు నిద్రాణంగా ఉన్న ఈ వైరస్ కొందరిలో కొత్త కిడ్నీని దెబ్బతీయడం మొదలైంది. మీ భయానికి సమాధానం ఈ చరిత్రలోనే ఉంది. ఈ జబ్బుకు మూలం వైరస్ బలం కన్నా, దాన్ని అదుపులో ఉంచవలసిన రోగనిరోధక శక్తిని మనమే మందులతో అవసరానికి మించి అణచడం. అందుకే ఆ అణచివేతను కొంత సడలించడమే దీనికి ప్రధాన చికిత్స.

వైరస్‌ను నేరుగా చంపే మందు ఇవ్వకూడదా అని అడిగారు. బీకే వైరస్‌పై పనిచేస్తుందని నిరూపితమై, ఆమోదం పొందిన మందు ఇప్పటికీ లేదు. లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉపయోగపడుతుందని ఒకప్పుడు ఆశపడ్డారు గానీ, పద్ధతి ప్రకారం చేసిన ప్రయోగాల్లో ప్రయోజనం కనబడలేదు. సిడోఫోవిర్ అనే మందు కిడ్నీకే హాని చేయగలదు. లెఫ్లునోమైడ్, ఇమ్యునోగ్లోబ్యులిన్ వంటివి కొన్ని కేంద్రాల్లో వాడుతున్నా, వాటికి బలమైన ఆధారం లేదు. కాబట్టి ఖరీదైన ఇంజెక్షను రాయలేదని మీ డాక్టరు గారి మీద అనుమానం పెట్టుకోవద్దు.

ఇక రిజెక్షన్ సంగతి. ఆ ప్రమాదం బొత్తిగా లేదని చెబితే అది నిజం కాదు. మందులు తగ్గించినప్పుడు కొందరిలో రిజెక్షన్ వస్తుంది. అయితే వైరస్‌ను అలాగే వదిలేస్తే అది కిడ్నీలోని సన్నని నాళికల కణాల్లో పెరిగి, వాటిని పగలగొట్టుకుని బయటికి వస్తుంది. ఆ చోట మచ్చ కట్టి, నాళికలు శాశ్వతంగా పోతాయి. మచ్చ కట్టిన భాగాన్ని తిరిగి బాగుచేసే మందు లేదు. దీనికి భిన్నంగా, తొలి దశలో గుర్తించిన రిజెక్షన్‌కు చాలావరకు చికిత్స ఉంది. ఈ రెండు నష్టాలనూ పక్కపక్కన పెట్టి తూచిన తర్వాతే మందు తగ్గిస్తారు, అదీ ఒక్కసారిగా ఆపేయకుండా మెట్టు మెట్టుగా. కొందరు ముందు మైకోఫినోలేట్‌ను సగం చేసి, అవసరమైతే పూర్తిగా ఆపుతారు, మరికొందరు ముందుగా టాక్రోలిమస్ స్థాయిని దించుతారు. రెండూ అంగీకృతమైన పద్ధతులే. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ సాధారణంగా చిన్న మోతాదులో కొనసాగుతుంది. ఆ తర్వాత రెండు నుంచి నాలుగు వారాలకొకసారి క్రియాటినిన్, టాక్రోలిమస్ స్థాయి, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో) చూస్తారు. మందు తగ్గించిన ఈ కాలంలో మామూలుకన్నా ఎక్కువగా పరీక్షలకు వెళ్లవలసి ఉంటుంది, కాబట్టి దూరమనో ఖర్చనో వాయిదా వేయవద్దు.

18,000 అన్న అంకె గురించి. రక్తంలో 10,000 కాపీలు దాటితే కిడ్నీలో జబ్బు మొదలై ఉండవచ్చునన్న అంచనాతో ముందుకు వెళ్లడం ఆనవాయితీ. 1,000 దాటి కొన్ని వారాలు అలాగే నిలిచినా ఇప్పుడు ఊరికే చూస్తూ కూర్చోరు. అయితే ఈ పరీక్షలో అంకెలు సహజంగానే ఊగుతుంటాయి. 18,000 ఉన్నది వచ్చేసారి 25,000 అయితే జబ్బు ముదిరిందని కాదు, 12,000 అయితే నయమవుతోందనీ కాదు. మూడు రెట్లకు మించిన తేడాను మాత్రమే నిజమైన మార్పుగా తీసుకోవాలి. విజయవాడ మిత్రుడు చెప్పిన ఒకే ల్యాబు నియమం ఇందుకే అంత ముఖ్యం.

బయాప్సీ అవసరం పడితే భయపడకండి. క్రియాటినిన్ పెరిగినప్పుడు అది వైరస్ వల్లనా, రిజెక్షన్ వల్లనా, టాక్రోలిమస్ ఎక్కువైనందువల్లనా అనేది తేల్చడానికి అంతకన్నా నమ్మకమైన దారి లేదు. వైరస్‌లోనూ రిజెక్షన్‌లోనూ సూక్ష్మదర్శినిలో వాపు ఒకేలా కనిపించవచ్చు. ప్రత్యేకమైన రంగు వేసి చూస్తేనే వైరస్ ఉన్న కణాలు బయటపడతాయి. పైగా ఈ జబ్బు కిడ్నీ లోపలి పొరలో, అక్కడక్కడా మాత్రమే ఉంటుంది కాబట్టి, ఒకే ముక్క తీస్తే దొరకకపోవచ్చు. అందువల్లే రెండు ముక్కలు తీస్తామంటారు.

చివరిగా మీ అమ్మగారి గురించి, ఆమెకు ఈ భాగం చదివి వినిపించండి. వయసు వచ్చినవారిలో పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఈ వైరస్ చిన్నతనంలోనే సోకి, ఏ హానీ చేయకుండా కిడ్నీలో దాగి ఉంటుంది. మీకూ నాకూ ఉండే ఉంటుంది. మార్పిడి తర్వాత లేచే వైరస్ చాలాసార్లు దాత కిడ్నీతో వచ్చినదేనని పరిశోధనలు చెబుతున్నాయి, కాదని అబద్ధం చెప్పను. కానీ అది మీ అమ్మగారి లోపం కాదు. ఎవరి కిడ్నీ వచ్చినా, బతికున్నవారిదైనా, బ్రెయిన్ డెడ్ అయిన దాత నుంచి జీవన్‌దాన్ అనే అవయవదాన పథకం ద్వారా వచ్చినదైనా, ఈ అవకాశం ఉండేదే. ఈ వైరస్ లేని పెద్దవారిని వెతికి దాతగా ఎంచుకోవడం ఎక్కడా సాధ్యం కాదు. ఆమెలో మిగిలిన కిడ్నీకి దీనివల్ల ప్రమాదమూ లేదు. ఇంట్లో ఎవరూ తమ్ముడి కంచం, గ్లాసు వేరు చేయనవసరం లేదు.

అడిగినవారి ప్రత్యుత్తరం

డాక్టరు గారూ, మీరు రాసినదంతా అమ్మకు చదివి వినిపించాను. "మరి ఎవరిదైనా అంతేనంట కదా" అని రెండుసార్లు అడిగింది. చాలా కృతజ్ఞతలు. విజయవాడ అన్నయ్య గారికి కూడా. ఇంకో సందేహం ఉంది. మార్పిడి అయిన కొత్తలో వాల్‌గాన్‌సైక్లోవిర్ అనే ఖరీదైన మాత్ర కొన్ని నెలలు వాడించి ఆపేశారు. అది వైరస్‌కే కదా, దాన్ని కొనసాగించి ఉంటే ఇది రాకుండా ఉండేదా? మరొకటి, బంధువులు రోగనిరోధక శక్తి పెరగాలంటే తిప్పతీగ కషాయం తాగించమని ఒత్తిడి చేస్తున్నారు. డాక్టర్లే శక్తి పెరగాలని మందు తగ్గిస్తుంటే, కషాయం వల్ల నష్టమేమిటని వారి వాదన. ఏమని చెప్పాలి?

సమాధానం 3 (ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్, హైదరాబాద్)

కషాయం విషయం నేను చెబుతాను, ఎందుకంటే మార్పిడి చేయించుకున్నవారి ఇళ్ల నుంచి మాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. దయచేసి ఇవ్వకండి. డాక్టరు గారు మందు తగ్గించేటప్పుడు ఎంత తగ్గించారో తెలుసు, రక్తపరీక్షలో దాని ఫలితం కొలవవచ్చు, అవసరమైతే మళ్లీ పెంచవచ్చు. కషాయం రోగనిరోధక వ్యవస్థను ఎటు, ఎంత రెచ్చగొడుతుందో కొలిచే మార్గం లేదు. అలా రెచ్చిన శక్తి వైరస్ మీదికే వెళ్తుందని, కొత్త కిడ్నీ మీదికి వెళ్లదని హామీ ఇచ్చేవారు ఎవరూ లేరు. కోవిడ్ రోజుల్లో మన దేశంలో తిప్పతీగ విపరీతంగా వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్లు వైద్యులు ప్రచురించిన నివేదికలూ ఉన్నాయి. బంధువుల ప్రేమను కాదనలేక తాగించి, క్రియాటినిన్ పెరిగాక కారణం వెతుక్కునే పరిస్థితి మీకు రాకూడదు.

టాక్రోలిమస్ గురించి కొంత వివరంగా రాయాలి. బీకే వైరస్ ఉన్నప్పుడు ఈ మందు స్థాయి రక్తంలో కొద్దిగా పెరిగినా నష్టమే, పడిపోయినా నష్టమే. ఆ స్థాయిని తెలియకుండా మార్చేసేవి మన ఇళ్లలో చాలా ఉన్నాయి. ఫంగస్‌కు వాడే ఫ్లూకోనజోల్ వంటి మాత్రలు, క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్, రక్తపోటుకు వాడే డిల్టియాజెమ్ దాన్ని పెంచుతాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ బాగా పడగొడతాయి. కోవిడ్‌కు ఇచ్చే రిటోనవిర్ కలిసిన మాత్రలైతే టాక్రోలిమస్‌ను రెండు మూడు రోజుల్లోనే ప్రమాదకరమైన స్థాయికి తీసుకెళ్లగలవు. పంపరపనస పండు కూడా ఈ మందు స్థాయిని పెంచుతుంది. కోస్తాలో పెరట్లోనే కాసే పండు కాబట్టి, దానివల్ల ఏమవుతుందిలే అనుకుంటారు. మందుల షాపులో ఏ మాత్ర కొన్నా, ఊళ్లో ఏ డాక్టరు ఏది రాసినా, వేసుకునే ముందు మార్పిడి చేసిన ఆసుపత్రికి ఫోన్ చేయండి. ఒళ్లునొప్పులకు డైక్లోఫినాక్ వంటివి అసలు వద్దు. పారాసిటమాల్ సరిపోతుంది.

విరేచనాలు పట్టుకున్నప్పుడు చాలామంది మందు ఒంటికి అందడం లేదనుకుని మోతాదు పెంచమని అడుగుతారు. టాక్రోలిమస్ విషయంలో జరిగేది తరచుగా దీనికి వ్యతిరేకం. పేగు గోడ దెబ్బతిన్నప్పుడు, మందును అక్కడే విరిచేసే వ్యవస్థ బలహీనపడి, రక్తంలోకి మరింత ఎక్కువగా చేరుతుంది. ఒంట్లో నీరు తగ్గడం, మందు పెరగడం రెండూ కలిసి కిడ్నీని దెబ్బతీస్తాయి. అందువల్ల రెండో రోజుకు కూడా ఆగకపోతే ఆసుపత్రికి రండి. పరీక్ష రోజున ఉదయం మాత్ర వేసుకోకుండా, ముందు రాత్రి వేసుకున్న పన్నెండు గంటల తర్వాత రక్తం ఇచ్చి, ఆ తర్వాతే వేసుకోవాలన్నది మీకు చెప్పే ఉంటారు. కంపెనీ మారిన టాక్రోలిమస్ మాత్రలను షాపువారు ఇస్తే తీసుకోకండి. మారవలసి వస్తే డాక్టరుకు చెప్పి, స్థాయి మళ్లీ చూపించుకోండి.

టీకాల గురించి కొద్దిగా. ఏటా ఇన్‌ఫ్లుయెంజా ఇంజెక్షను మీ తమ్ముడికీ, ఇంట్లో అందరికీ వేయించడం మంచిది. తట్టు, అమ్మవారు వంటి వాటికి వేసే బతికున్న వైరస్ టీకాలు అతనికి ఇక వేయకూడదు. సర్పి రాకుండా వేసే బతికున్న వైరస్ లేని టీకా ఇప్పుడు మన దేశంలోనూ దొరుకుతోంది. ఎప్పుడు వేయించాలో అడగండి. ఇంట్లో పసిపిల్లలు ఉండి పోలియో చుక్కలు వేయించవలసి వస్తే, చుక్కల్లోని వైరస్ పిల్లల మలం ద్వారా కొన్ని వారాలు బయటికి వస్తుంది కాబట్టి, ముందుగానే పిల్లల డాక్టరుకు మీ తమ్ముడి సంగతి చెప్పండి. వర్షాకాలంలో దోమతెర తప్పనిసరి. డెంగీ వచ్చినప్పుడు తెల్లకణాలూ ప్లేట్‌లెట్లూ పడిపోతే, అది జ్వరం వల్లనా, మైకోఫినోలేట్ వల్లనా, సీఎంవీ (సైటోమెగలో వైరస్) వల్లనా అని తేల్చుకోవడం వైద్యులకు కష్టమవుతుంది.

సమాధానం 4 (నెఫ్రాలజిస్టు, విశాఖపట్నం)

వాల్‌గాన్‌సైక్లోవిర్ సైటోమెగలో వైరస్, అంటే సీఎంవీ కోసం ఇచ్చే మందు. అది హెర్పిస్ కుటుంబానికి చెందిన వైరస్, బీకే వేరే కుటుంబం. ఆ మాత్రను కొనసాగించి ఉన్నా బీకే ఆగేది కాదు. కాబట్టి ఆపడం వల్ల ఇది వచ్చిందన్న ఆలోచన వదిలేయండి.

అయితే సీఎంవీని తేలికగా తీసుకోవద్దు. మన దేశంలో పెద్దవారిలో అత్యధికులకు అది ఎప్పుడో సోకి ఉంటుంది. అందువల్ల చాలామందికి మూడు నెలల పాటు నివారణ మాత్ర ఇస్తారు. దాతకు సోకి, తీసుకున్నవారికి అంతకుముందు ఎన్నడూ సోకకపోతే ఆరు నెలల పాటు ఇస్తారు. మాత్ర ఆపిన తర్వాతి కొన్ని నెలలే దానికి అనువైన సమయం. మీ తమ్ముడు ఇప్పుడు ఆ కాలంలోనే ఉన్నాడు. తగ్గని జ్వరం, ఆకలి మందగించడం, విరేచనాలు, తెల్లకణాలు తగ్గడం కనిపిస్తే బీకే పరీక్షతో సరిపెట్టకుండా సీఎంవీ పరీక్ష కూడా చేయించాలి. దీనికి గాన్‌సైక్లోవిర్ రకం మందులు బాగా పనిచేస్తాయి. వాటికి లొంగని వైరస్‌కు మారిబవిర్ అనే మందు 2021లో అమెరికాలో ఆమోదం పొందింది. సీఎంవీ చేసే కీడు జ్వరంతో ఆగదు. అది రోగనిరోధక వ్యవస్థను కదిలించి రిజెక్షన్‌కు దారి తీయగలదు, ఏళ్ల తరబడి కిడ్నీ ఆయుష్షును తగ్గించగలదు. అందుకే జ్వరం తగ్గగానే మందు ఆపకుండా, రక్తంలో వైరస్ కనిపించకుండా పోయేవరకు వాడిస్తాం.

బీకే విషయంలో పరీక్షల క్రమం కూడా చెప్పి ముగిస్తాను. 2024లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం, మార్పిడి తర్వాత తొమ్మిది నెలల వరకు నెలనెలా, ఆ తర్వాత రెండేళ్ల వరకు మూడు నెలలకొకసారి రక్తంలో ఈ వైరస్‌ను చూడాలి. క్రియాటినిన్ పెరిగే వరకు ఆగితే అప్పటికే కొంత కిడ్నీ పోయి ఉండవచ్చు. పరీక్ష ఖరీదైనదని చాలామంది మధ్యలో ఆపేస్తుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఉద్దానం వైపు నుంచి వచ్చేవారు కూలి పోగొట్టుకుని, పగలంతా ప్రయాణం చేసి వస్తారని నాకు తెలుసు. రక్తం నమూనాను దగ్గరలోని పెద్ద ల్యాబులో ఇచ్చి, అక్కడి నుంచి ఒకే కేంద్రానికి పంపే ఏర్పాటు ఉందేమో మీ ఆసుపత్రిలో అడగండి. మందుల్లో మార్పును ఫోన్‌లో చెప్పే డాక్టర్లూ ఉన్నారు.

మీరు అడగలేదు గానీ మీ మనసులో ఉండే ఉంటుంది. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒకవేళ ఈ కిడ్నీ బీకే వల్ల పోతే అంతటితో దారి మూసుకుపోదు. రక్తంలో వైరస్ పూర్తిగా తగ్గిన తర్వాత రెండోసారి మార్పిడి చేయించుకున్నవారు చాలామంది ఉన్నారు, వారి ఫలితాలు బాగానే ఉన్నాయి. కానీ మీ తమ్ముడికి ఆ మాట ఇప్పుడు అవసరం లేదు. ఏడో నెలలో, క్రియాటినిన్ 1.6 దగ్గరే దొరికింది. వచ్చే పరీక్షకు టాక్రోలిమస్ స్థాయి, వైరల్ లోడ్ రెండింటి కాగితాలూ తేదీల వారీగా ఒకే ఫైలులో పెట్టి తీసుకెళ్లండి.

అడిగినవారి ప్రత్యుత్తరం

తప్పకుండా అలాగే చేస్తాం డాక్టరు గారూ. కషాయం వద్దని బంధువులకు ఈ రోజే చెప్పాను. పెరట్లో పంపరపనస చెట్టు ఉంది, తమ్ముడికి ఆ పండు పెట్టవద్దని అమ్మకు కూడా చెప్పాను. వచ్చే వారం పరీక్షకు వెళ్తున్నాం. ఫలితం రాగానే ఇక్కడే రాస్తాను.